నీళ్లు మోసేవాడికి పగార్ ఉందా?

పోయిన జులైలో ఆపా మా ఇంటికొచ్చి పది రోజులుంది. మోకాళ్ల నొప్పులు డాక్టర్‌కి చూపిద్దామని నేనే రమ్మన్నాను. జులై వచ్చిందంటే మగ్రిబ్ నమాజ్ కాగానే నేను టీవీ ముందు సెటిల్ అయిపోతానని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఫ్రాన్స్‌లో అప్పటికి మధ్యాహ్నం మూడున్నర. టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ రేసు కొండలెక్కే వేళ అది.

ఆపా తస్బీహ్ తిప్పుకుంటూ నా పక్కనే కూర్చుంది. టీవీలో ఒక కుర్రాడు గుంపు వదిలి వెనక్కి జారాడు. తన టీమ్ కారు పక్కకి చేరి, కిటికీలోంచి ఒక్కొక్క నీళ్ల సీసా అందుకుని జేబుల్లో, వీపు మీద చొక్కా లోపల కుక్కుకున్నాడు. గూని వచ్చినట్టు ఉబ్బిపోయిన వీపుతో మళ్లీ ఎత్తు తొక్కుకుంటూ వెళ్లి, ముందున్న తనవాళ్లందరికీ సీసాలు పంచాడు. వాళ్లు అతని వైపు చూడకుండానే చెయ్యి చాపి తీసుకున్నారు.

ఆపా తస్బీహ్ ఆగిపోయింది. "వో పానీ లాకే దేరా సో లడ్కేకూ పగార్ మిల్తీ క్యా?" అంది. నీళ్లు తెచ్చిచ్చే ఆ పిల్లాడికి జీతం ఉందా అని.

ఉంది ఆపా, మంచి జీతమే ఉంటుంది అన్నాను. కాసేపు ఊరుకుని ఇంకొక సవాల్ వేసింది. "ఔర్ ఉస్కా నంబర్ కబ్ ఆతా?" మరి అతని వంతు ఎప్పుడొస్తుంది?

ఆ రాత్రి నా దగ్గర జవాబ్ లేదు. ఇప్పుడు రాస్తున్నది ఆ ఆలస్యమైన జవాబే.

ముందు ఈ రేసు సంగతి తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. నాకూ ఇది పుట్టుకతో వచ్చిన షౌక్ కాదు. 2012లో ఆర్మ్‌స్ట్రాంగ్ డోపింగ్ చేశాడని తేల్చి అతని ఏడు టూర్ టైటిళ్లు రద్దు చేసినప్పుడు, ఆ వార్త నైట్ డ్యూటీలో నేను తెలుగు చేశాను. అలా మోసం వార్తతో ఈ రేసు నాకు పరిచయమైంది. ఇందులో అంతా ఫరిష్తాలే ఉంటారన్న భ్రమ అందుకే నాకు మొదటి నుంచీ లేదు.

దీన్ని 1903లో మొదలుపెట్టింది ఒక పత్రిక, తన సర్క్యులేషన్ పెంచుకోవడానికి. విజేత వేసుకునే పసుపు జెర్సీ కూడా ఆ పత్రిక కాగితం రంగే. మూడు వారాల్లో 21 స్టేజీలు, మన మాటలో మజిలీలు. మధ్యలో రెండు రోజులు విశ్రాంతి. అన్ని మజిలీల టైమూ కలిపి ఎవరికి తక్కువైతే వాళ్లు గెలిచినట్టు. 1910లో మొదటిసారి పిరనీస్ పర్వతాల పెద్ద కనుమల మీదుగా నడిపారు. అప్పటి నుంచీ అసలు ఫైసలా కొండల మీదే జరుగుతోంది. టూర్మలే కనుమ ఎత్తు 2,115 మీటర్లు. ఆల్ప్స్‌లో ఆల్ప్ ద్యుయెజ్ ఘాట్ రోడ్డు పొడవు పధ్నాలుగు కిలోమీటర్లకు కాస్త తక్కువ, మలుపులు 21, ఎక్కాల్సిన ఎత్తు వెయ్యి మీటర్ల పైన. శ్రీశైలం ఘాట్‌లో బస్సు ఆయాసపడటం విన్నవాళ్లు ఒక్కసారి ఊహించుకోండి, దాన్ని కాళ్లతో ఎక్కడమంటే ఏమిటో.

గెలిచేది ఒక్కడే అయినా ఒక్కో టీమ్‌లో ఎనిమిది మంది ఉంటారు. మిగిలిన ఏడుగురి పని ఆ ఒక్కడిని గెలిపించడం. చదును రోడ్డు మీద సైకిల్‌కి అసలు దుష్మన్ ఎదురుగాలి. ముందువాడి వెనక చక్రానికి దగ్గరగా తొక్కితే మూడో వంతు దాకా శక్తి మిగులుతుందంటారు. కాబట్టి లీడర్‌ని వెనక దాచుకుని, ఆ గాలిని వీళ్లు ఛాతీ మీద కాస్తారు. కొండ మీద వేగం తగ్గుతుంది, గాలి ఆసరా కూడా తగ్గుతుంది. అక్కడ వీళ్ల పని వేరు. ఎవరూ పారిపోకుండా ఒకే జోరు మీద ముందు నడవాలి. నీళ్లు తేవాలి. లీడర్ చక్రం పాడైతే తన చక్రం తీసివ్వాలి. ఊపిరి అయిపోగానే పక్కకి తప్పుకుని, ఆ రోజు గడువు దాటకుండా ఎలాగోలా చివరి గుంపులో మజిలీ చేరాలి. గడువు దాటితే రేసు నుంచి బయటికే.

వీళ్లని ఫ్రెంచిలో దొమెస్తీక్ అంటారు. అంటే ఇంటి నౌకరు. 1911లో రేసు పెద్ద దెగ్రాంజ్, వేరేవాళ్లకి సాయం చేస్తున్నాడన్న కోపంతో బ్రోకో అనే రైడర్ని అలా తిట్టాడని చెబుతారు. ఆ గాలీయే తర్వాత హోదా పేరైంది.

వీళ్లలో అందరికంటే ఎక్కువ యాదుండే పేరు రెనె వియెతో. 1934లో అతనికి ఇరవై ఏళ్లు. ఆ ఏడాది కొండల మీద అతన్ని పట్టుకోగలిగినవాడు లేడు. కానీ ఫ్రాన్స్ టీమ్ లీడర్ ఆంతోనె మాన్య్. పసుపు జెర్సీ ఆయన ఒంటి మీద ఉంది. పిరనీస్‌లో దిగుతూ మాన్య్ పడిపోయి చక్రం విరిగితే, వియెతో తన ముందు చక్రం ఊడదీసి ఇచ్చేశాడు. సామాన్ల బండి వచ్చేదాకా రోడ్డు పక్క గోడ మీద కూర్చున్నాడు. చక్రం లేని సైకిల్, ఏడుపు మొహం. ఆ ఫోటో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. మర్నాడు మాన్య్ సైకిల్ మళ్లీ మొరాయించింది. ఈసారి ముందు వెళ్తున్న వియెతో వెనక్కి తిరిగి, కొండ ఎదురెక్కి వచ్చి, సైకిలే ఇచ్చేశాడు. మాన్య్ టూర్ గెలిచాడు. వియెతో అయిదో స్థానం. తర్వాత కూడా చాలా రోజులు పసుపు జెర్సీ వేసుకున్నాడు గానీ, పారిస్‌లో ఒక్కసారి కూడా అతని ఒంటి మీద అది లేదు.

ఈ కిస్సా చదివినవాళ్లంతా వాహ్, ఏం ఖుర్బానీ అంటారు. నేనూ చాలా ఏళ్లు అలాగే అన్నాను. ఆపా సవాల్ తర్వాత ఆ ఫోటో చూస్తే వాహ్ అనబుద్ధి కావడం లేదు.

ఎందుకంటే నా టూర్‌లో చక్రం ఇచ్చింది ఆపా. అబ్బా పోయినప్పుడు నాకు ఏడేళ్లు, ఆమెకి పదమూడు. ఏడో జమాత్‌లో ఫస్ట్ వచ్చే పిల్ల. నిజామాబాద్ వైపు మా ఊళ్లో ప్రతి గడపలోనూ బీడీలు చుట్టేవాళ్లే. అమ్మీ పక్కన ఆపా కూడా చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తునికాకు తడపాలి, కత్తిరించాలి, తంబాకు వేసి చుట్టాలి, దారం కట్టాలి. రోజుకి వెయ్యి. నా ఫీజులు, నా కితాబులు ఆ వెయ్యిలోంచే వచ్చాయి. డిగ్రీలో చేరినప్పుడు కాలేజీ ఏడు కిలోమీటర్లు. ఆపా ఒక సెకండ్ హ్యాండ్ సైకిల్ కొనిచ్చింది. దాని మీద తొక్కుకుంటూ వెళ్లి, ఉర్దూ మీడియం పిల్లాణ్ణి తెలుగు డిగ్రీ చేశాను, సహాఫీ నయ్యాను.

ఆపాని ఎవరూ చదువు మానెయ్ అనలేదు. మానతావా అని అడగనూ లేదు. ఒకరోజు బడికి వెళ్లలేదు, అంతే. దాన్ని మేమంతా మొహబ్బత్ అనుకున్నాం. కొన్నేళ్ల కిందట నాకు ఒక సన్మానం జరిగింది. ఉస్తాద్‌లకి, ఎడిటర్లకి, దోస్తులకి షుక్రియా చెప్పాను. మూడో వరసలో నా శాలువా మడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆపా పేరు ఎత్తలేదు. మర్చిపోయి కాదు. ఇంటి సంగతి స్టేజీ మీద దేనికి అనుకున్నాను.

ఇప్పుడు రేసులో నౌకర్నీ, మన ఇంటి నౌకర్నీ పక్కపక్కన పెట్టి చూడండి. అక్కడ అతను కాగితం మీద సంతకం చేసి చేరతాడు, పని ఏమిటో తెలిసి చేరతాడు. నెల నెలా జీతం. లీడర్ గెలిస్తే అయిదు లక్షల యూరోల ఇనామ్ వస్తుంది, దాన్ని ఒక్కడే జేబులో వేసుకోకుండా టీమంతా పంచుకోవడం దస్తూర్. ఎవరు ఎన్ని కిలోమీటర్లు ముందు లాగారో కామెంటరీలో పేరు పెట్టి చెబుతారు. నచ్చకపోతే కాంట్రాక్ట్ అయ్యాక వేరే టీమ్‌కి వెళ్లిపోవచ్చు. మన ఇంట్లో ఏముంది? అడగడం లేదు, హిస్సా లేదు, పేరు లేదు, బయటికి దారి లేదు. పైగా ఆ మజ్బూరీకి ఖుర్బానీ అని అందమైన పేరు పెట్టాం.

"ఔర్ ఉస్కా నంబర్ కబ్ ఆతా?" అన్నదానికి జవాబ్ వెతికితే నాకు రెండు దొరికాయి.

ఒకటి 2023లో. సెప్ కుస్ అనే అమెరికన్ కుర్రాడు పుట్టు దొమెస్తీక్. ఆ ఏడాది మేలో ఇటలీ రేసులో రొగ్లిచ్‌ని గెలిపించాడు. జులైలో ఫ్రాన్స్‌లో వింగెగార్డ్‌ని గెలిపించాడు. ఆగస్టులో స్పెయిన్ రేసు వుయెల్తాకి ఆ ఇద్దరి కోసమే మళ్లీ వచ్చాడు. అనుకోకుండా ముందుకెళ్లి లీడర్ ఎర్ర జెర్సీ అందుకున్నాడు. ఆంగ్లీరూ అనే భయంకరమైన కొండ మీద ఆ ఇద్దరు లీడర్లూ ఇతన్ని వెనక వదిలేసి వెళ్లిపోయారు. మజిలీ దాటేసరికి కుస్ చేతిలో మిగిలిన ఆధిక్యం ఎనిమిది సెకన్లు. సైకిల్ దునియా అంతా భగ్గుమంది. ఇన్నేళ్లు మీకు నీళ్లు మోసినవాడికి ఒక్కసారి మీరు మోయలేరా అని. మర్నాటి నుంచి ఆ ఇద్దరూ ఇతని కోసం తొక్కారు. మాడ్రిడ్‌లో కుస్ ఫస్ట్, వింగెగార్డ్ సెకండ్, రొగ్లిచ్ థర్డ్.

రెండోది 2025 మే 31. ఇటలీ రేసులో చివరి కొండల రోజు. ఫినెస్త్రె కనుమ, పై సగం దాదాపుగా మట్టి రోడ్డు. 2018లో సైమన్ యేట్స్ లీడర్ జెర్సీతో వచ్చి ఇదే కొండ మీద కుప్పకూలాడు. ఈసారి మూడో స్థానంలో మొదలై, అదే కొండ మీద అందర్నీ వదిలి వెళ్లాడు. కనుమ అవతల అతని కోసం ఒకడు కాచుకుని ఉన్నాడు. వౌట్ వాన్ ఆర్ట్. మామూలోడు కాదు, 2022 టూర్‌లో గ్రీన్ జెర్సీ గెలిచినవాడు. తెల్లారి నుంచి ముందు గుంపులో ఉన్నదే ఇందుకోసం. లోయలో గాలంతా తన మీద కాచుకుని యేట్స్‌ని లాక్కెళ్లాడు. యేట్స్ రేసు గెలిచాడు.

మొదటి కిస్సాలో నౌకర్ వంతు వచ్చింది. కానీ దానంతట అది రాలేదు. చూసేవాళ్లు నిలదీస్తే వచ్చింది. రెండో దాంట్లో పెద్దవాడు తన పెద్దరికం పక్కన పెట్టి ఒకరోజు నౌకరయ్యాడు, దానితో అతని ఇజ్జత్ ఏమీ తగ్గలేదు. మన ఘరానాల్లో రెండూ జరగడం లేదని నా ఫిర్యాదు.

ఒక దోస్త్‌తో ఈ మాటే అంటే, "అరే మియా, కన్నవాళ్ల మధ్య, తోబుట్టువుల మధ్య హిసాబ్ ఏమిటి? హిసాబ్ మొదలైతే మొహబ్బత్ ఉంటుందా?" అన్నాడు. నేను కాసేపు తడబడ్డ మాట నిజం. కానీ హిసాబ్ లేని ఇల్లేది? ఎవరి డిగ్రీ ఫ్రేము కట్టి గోడకి ఉందో, ఎవరి ఏడో జమాత్ సర్టిఫికెట్ పెట్టె అడుగున ఉందో ప్రతి ఇంటి గోడా చెబుతుంది. ఆ హిసాబ్ గురించి నోరెత్తకపోవడాన్ని మనం మొహబ్బత్ అంటున్నాం. ఎత్తితే లాభపడినవాడికి ఇబ్బంది, అందుకు. ఆ లాభపడినవాణ్ణి నేనే కాబట్టి చెబుతున్నాను.

ప్రతి ఇంట్లో ఒకరుంటారు. చెల్లి నికా కోసం గల్ఫ్ వెళ్లి పదిహేనేళ్లు అక్కడే ఉండిపోయిన భాయి, తమ్ముళ్ల ఫీజు కోసం మిషన్ కుట్టిన బాజీ, అత్తామామల ఖిద్మత్‌లో బీఎడ్ సీటు వదులుకున్న దుల్హన్. వాళ్లకి షుక్రియా చెప్పండి, మంచిదే. అంతకంటే ముందు ఏం కావాలో అడగండి. అడిగి ఊరుకోకండి. కొన్నాళ్లు గాలి మీరు కాయండి.

నేను అడిగాను. ఆలస్యంగా, ఆగస్టులో, ఫోన్‌లో. భూమో బంగారమో అంటుందనుకున్నాను. ఆపా చాలాసేపు ఖామోష్‌గా ఉంది. తర్వాత అంది, "తూ ఇత్తే సాలా లిఖా, మై ఏక్ హర్ఫ్ నై పడీ రే." ఇన్నేళ్లు రాశావు, నేను ఒక్క అక్షరం చదవలేదురా అని. ఏడో జమాత్ ఉర్దూ మీడియం ఆమెది. నా పేరొచ్చిన పేపర్లన్నీ ట్రంకు పెట్టెలో పెట్టుకుంది. తెలుగు లిపి చదవడం రాదు. నా రాతకి ఖర్చు పెట్టిన మనిషికి నా రాత అందలేదన్న సంగతి, ఆమె చెప్పేదాకా నాకు తట్టనే లేదు.

ఇప్పుడు రోజూ ఇషా అయ్యాక అరగంట వీడియో కాల్. గుణింతాలు అయ్యాయి, ఒత్తుల దగ్గర ఉన్నాం. క్షకారం దగ్గర నా మీద కోపం చేస్తుంది. అలసిపోయి వచ్చిన రోజు మానేద్దామనిపిస్తుంది, మానను. ఈ వ్యాసం మాత్రం ఆమెకి నేను చదివి వినిపించలేదు. తనే కూడబలుక్కుని చదవాలని పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసి పంపుతున్నాను. ఎన్ని రోజులు పడితే అన్ని రోజులు పట్టనీ.