వీడియోలో మన మొఖం కాదు, పురుగు కనబడాలె

ఈ వారం గూళ్ల రేట్ల సంగతి, గుడ్ల సంగతి పక్కన పెట్టినం. మన వెబ్‌సైట్‌లో పెడుతున్న వీడియోల గురించి మాట్లాడదాం. అందులో తప్పు మాది ఉంది కాబట్టి ముందు మేమే చెప్పుకోవాలె.

పోయిన ఏడు మల్బరీ వేసినోళ్ల కోసం షెడ్డు శుద్ధి మీద ఒక వీడియో తీసినం. మాలో ఒకాయన షెడ్డు ముందర నిలబడి పన్నెండు నిమిషాలు మాట్లాడిండు. బ్లీచింగ్ పౌడర్ లీటరు నీళ్లకు 20 గ్రాములు, దాంట్లో 3 గ్రాములు సున్నం. చెప్పుడు సరిగ్గానే చెప్పిండు. కానీ "లీటరుకు" అనే మాట దగ్గరనే రోడ్డు మీద ట్రాక్టర్ పోయింది. రాజురా దిక్కు ఒక తమ్ముడు ఆ వీడియో చూసి ట్యాంకుకు 20 గ్రాములు అనుకున్నడు. 15 లీటర్ల ట్యాంకు. దాంతోనే షెడ్డు అంతా కొట్టిండు. నాలుగో జ్వరం నుంచి లేచినంక పురుగులు ఉబ్బినయి, తోలు పగిలి పాల లాంటి నీళ్లు కారినయి. గ్రాసరీ. సగం పురుగును గుంత తవ్వి పూడ్చిండు.

మందు పలచనైనందుకే రోగం వచ్చిందని ప్రమాణం చేసి చెప్పలేం. ఆ వారం ఎండ, ఉక్క కూడా ఎక్కువే ఉండె. కానీ ఆ తమ్ముడు ఫోన్ చేసి "అన్నా, మీరు చెప్పినట్టే చేసిన కదా" అన్నప్పుడు మా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు మనోళ్లల్ల కొందరు, చంద్రపూర్ నుంచి మంచిగ మాట్లాడే యాంకర్‌ను పిలిపిద్దాం, వెనక పచ్చ తెర కట్టి టీవీ లెక్క తీద్దాం అంటున్నరు. వాళ్ల బాధ మాకు అర్థమైతది. మన వీడియోలు చూస్తే నిద్ర వస్తదని మా ఇంట్ల పిల్లలే అంటరు. అయినా యాంకర్ మాట మాకు నచ్చలేదు. మాట చక్కగా లేక చెడిపోలేదు, మాట వినబడక చెడిపోయింది.

రైతుకు తెర మీద పాఠం చెప్పుడు ఇయ్యాల మొదలైంది కాదు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు, సైట్ అనే ప్రయోగం కింద ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊళ్లకు టీవీ కార్యక్రమాలు పంపించారు. అందులో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది, తెలుగులోనే వచ్చేవి. ఎక్కడో స్టూడియోలో తయారైన పాఠాన్ని ఊరంతా ఒక్క టీవీ ముందు కూర్చుని చూసేది. ముప్పై ఏండ్ల తర్వాత, 2006లో, బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధన కేంద్రంలో మొదలైన డిజిటల్ గ్రీన్ ఈ పద్ధతిని తిరగేసింది. ఊరి రైతే వీడియోలో చేసి చూపిస్తడు. అది పక్క ఊళ్లో వేసినప్పుడు ఒక మనిషి మధ్యమధ్యలో ఆపి, అర్థమైందా, నువ్వు చేస్తవా అని అడుగుతడు. చూసినోళ్లు మొదట అడిగేది ఆ రైతు పేరేంది, ఊరేంది అని. మనం కూడా అంతే కదా. చెప్పేటోడు పురుగును పెంచిండా లేదా అన్నదే చూస్తం.

కాబట్టి పైసలు పెట్టాల్సింది యాంకర్ మీద కాదు, మైకు మీద. మైకు కొనే దాకా వైరు ఇయర్‌ఫోన్ చాలు. దాని మైకును పిన్నీసుతో చొక్కా కాలర్‌కు పెట్టి, మీద పలచటి దూది చుడితే గాలి చప్పుడు తగ్గుతది. పొద్దున్నే తియ్యాలె. ఎండ మొఖం మీద పడాలె, వెనక నుంచి వస్తే మనిషి నల్లటి బొమ్మ లెక్క కనబడతడు. ఫోన్‌ను గుంజకు కళ్ల ఎత్తులో కట్టాలె. మాట్లాడేటప్పుడు తెరలో మన మొఖాన్ని కాదు, కెమెరా కన్నును చూడాలె. (మేం తీసినవన్నిట్ల మా కళ్లు పక్కకే ఉన్నయి, ఎవరికో భయపడ్డట్టు.) కాగితం చూసి చదవొద్దు. ఇక మోతాదు నోటితో రెండుసార్లు చెప్పాలె, తెర మీద పెద్ద అక్షరాల్లో రాయాలె, త్రాసు మీద తూచి కూడా చూపియ్యాలె. మిగతావాటిల్ల కొంచెం అటు ఇటు అయినా పర్వాలేదు గానీ ఇందులో కాదు.

మొదటి అర నిమిషం మనిషి కనబడితే చాలు. ఆ తర్వాత చేతులు, పురుగు, ఆకు. జ్వరానికి కూర్చున్న పురుగు తల ఎత్తి కదలకుండ ఎట్లుంటదో దగ్గరి నుంచి చూపిస్తే, కొత్తగా వేసినోడు అప్పుడు ఆకు వెయ్యడు. దూరం నుంచి ఎంత చెప్పినా తెలియదు. దసలిలో ఇంకా కష్టం. పురుగు ఆకు రంగులోనే ఉంటది, కెమెరాకు దొరకదు. కొమ్మను దగ్గరికి వంచి, పక్కన వేలు పెట్టి చూపియ్యాలె, సైజు తెలుస్తది. మా పాత వీడియోలో ఒకాయన నల్లమద్ది చెట్టుకే అడ్డం నిలబడి చెట్టు గురించి చెప్పిండు! అది కూడా "టెర్మినాలియా" అని. మనం మద్ది అంటం, మరాఠీలో ఐన్ అంటరు, రెండూ చెప్తే సరిపోయేది. పెబ్రిన్ లాంటివి కంటికి కనబడయి, సూక్ష్మదర్శిని కావాలె. అసుంటి చోట కనబడదని చెప్పి, పరీక్ష చేసిన గుడ్లే తెచ్చుకోవాలని చెప్పుడు మంచిది. ఏదో ఒక పురుగును చూపించి "ఇదే పెబ్రిన్" అనుడు మోసం.

ఇంకో మాట, కొందరికి కోపం రావచ్చు. చాకీ పురుగుకు ఆకు కోసేది, తట్టలు మార్చేది, రాత్రి లేచి చూసేది ఎక్కువగా ఆడోళ్లే. మన వెబ్‌సైట్‌లో మాత్రం ఒక్క వీడియోలో కూడా ఆడమనిషి మాట్లాడలేదు. అడిగితే "మాకు రాదు" అంటరు. కెమెరా పెట్టి "మాట్లాడు" అంటే ఎవరికీ రాదు. పని చేసుకుంటుంటే పక్క నుంచి ఇంకో అక్క అడగాలె, "ఈ పురుగును ఎందుకు తీసి పడేసినవ్?" అని. జవాబు దానంతట అదే వస్తది. తెలుగులో మరాఠీ కలిసినా ఉండనియ్యండి, మనం మాట్లాడేదే అట్ల.

ప్రతి వీడియో మొదట్లో ఊరు, తేదీ, ఏ పంట అన్నది చెప్పాలె. వానాకాలం పంటకు చెప్పింది చలికాలంలో అట్లనే చేస్తే కుదరదు. వెబ్‌సైట్‌లో ఐతే తేదీ రాసి ఉంటది, కింద నాలుగు ముక్కలు రాతలో కూడా పెట్టొచ్చు, సిగ్నల్ లేని చోట అదే పనికొస్తది. కానీ ఫార్వర్డ్ అయ్యి అయ్యి వచ్చిన వీడియోకు ఊరూ ఉండదు, తేదీ ఉండదు.

బ్లీచింగ్ వీడియోను మేం వెబ్‌సైట్ నుంచి తీసేసినం. అయినా ఫోన్లల్ల ఇంకా తిరుగుతనే ఉంది, పోయిన నెల గోండ్‌పిప్రి నుంచి మళ్లీ మాకే వచ్చింది. నీలం చొక్కా, వెనక రేకుల షెడ్డు. మీ ఫోన్లో ఉంటే తీసెయ్యండి. దాన్ని మళ్లీ తీస్తున్నం. ఈసారి మాట్లాడేది రాజురా తమ్ముడే, తనే ఒప్పుకున్నడు. త్రాసు మేం తెస్తున్నం.