గోడెక్కిన సారె పళ్లెం

మా అద్దె ఇంట్లో హాలు గోడ ఒకటి ఎప్పటినుంచో బోసిగా ఉంది. ఏదైనా కొని తగిలిద్దామని షోరూముకెళ్తే ధరలు చూసి కళ్లు తిరిగాయి. మనలాంటి వాళ్ల కోసమేగా హైదరాబాద్‌లో జుమేరాత్ బజార్ ఉంది! జుమేరాత్ అంటే ఉర్దూలో గురువారం. పురానాపూల్ దగ్గర వారం వారం జరిగే ఈ సంతలో దొరకనిదంటూ ఉండదు. తుప్పు పట్టిన తాళాలు, ఆగిపోయిన గడియారాలు, పాత కిటికీ చెక్కలు, ఇత్తడి సామాన్లు... అన్నీ నేల మీద కుప్పలే.

ఓ గురువారం సెలవు పెట్టి మరీ వెళ్లా. మూడు ఇత్తడి పళ్లేలు నచ్చాయి. బేరమాడి, తూకం వేయించి, సంచిలో వేసుకున్నా. ఇంటికొచ్చి చింతపండు, ఉప్పు కలిపి తోమాను. చింతపండు పులుపుకి ఇత్తడి మీద పట్టిన నలుపు కరిగిపోతుంది. పెద్ద పళ్లెం తళతళలాడింది. అప్పుడు కనిపించాయి, అంచు మీద అక్షరాలు! చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు. ఓ ఆడపిల్ల పేరు. పక్కనే 'మేనమామ కానుక'. కింద 1971.

అంతవరకూ అది నేను కొన్న పళ్లెం. ఆ నిమిషం నుంచి ఎవరిదో పళ్లెం.

అయినా సరే, పైన చిన్న రంధ్రం చేయించి మేకుకి తగిలించాలనుకున్నా. సరిగ్గా అప్పుడే తెనాలి నుంచి అమ్మ వచ్చింది. పళ్లెం చేతిలోకి తీసుకుని అక్షరాల మీద వేలు పెట్టి చదివింది. "ఎవరింటి పిల్లదో సారె పళ్లెమే ఇది. దీనికి చిల్లు పెడతావా?" అంది. అలంకరణకేగా అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పింది. "నాకూ ఉండేది ఇట్లాంటిది. మా నాన్న పేరు కొట్టించి ఇచ్చాడు. స్టీలు సామాన్ల వాడొస్తే క్యారియర్‌కి మార్చేశా. నువ్వు బడికి తీసుకెళ్లావే, ఆ మూడు గిన్నెల క్యారియరే."

ఏళ్ల తరబడి అన్నం తిన్న క్యారియర్ అది. ఎక్కడిదని ఒక్కసారైనా అడిగానా!

ఆ రోజే ఓ నియమం పెట్టుకున్నా. పాత వస్తువు గోడెక్కాలి, కానీ పాడవకూడదు. ఎప్పుడు దించినా మళ్లీ వస్తువులాగే ఉండాలి. అదేమంత కష్టం కాదు కూడా.

పళ్లెం సంగతే చూడండి. చిల్లు అక్కర్లేదు. గట్టి తీగను వెనకవైపు గుండ్రంగా చుట్టి, మూడుచోట్ల కొక్కెంలా వంచి అంచును పట్టుకునేలా చేస్తే చాలు. తీగ కొనలకు గుడ్డ చుడితే గీతలు పడవు. పేర్లున్న చోట పీచుతో గట్టిగా రుద్దకండి, అక్షరాలు అరిగిపోతాయి. కడిగాక తడి లేకుండా తుడవాలి. చెమ్మ పట్టిన గోడకి మాత్రం తగిలించొద్దు, నాలుగు రోజుల్లో మళ్లీ నల్లబడుతుంది.

చిరిగిన పట్టుచీర ఉందా? 'పాత పట్టుచీరలు కొంటాం' అంటూ వీధిలోకి వచ్చే వాళ్లకి కావలసింది చీర కాదు, జరీలోని వెండి. దాన్ని కాల్చి వెండి తీస్తారు. ఇచ్చేముందు ఒక్కసారి ఆలోచించండి. బాగున్న అంచు, కొంగు ముక్క తీసి నూలు గుడ్డ మీద కుట్టి ఫ్రేము కట్టించండి. జిగురు వాడొద్దు, మరక పడుతుంది. అద్దం గుడ్డకి ఆనకుండా కాస్త ఎడం ఉంచమని ఫ్రేము కట్టేవాడికి చెప్పండి. ఎండ తగిలే గోడ అసలొద్దు, రంగు వెలిసిపోతుంది.

పాత కిటికీ చెక్కలో అద్దం బిగిస్తే ఎంత అందమో! కానీ కొనేముందు తట్టి చూడండి. సన్నటి పొడి రాలిందా, లోపల పురుగుందన్నమాట. ఆ చెక్క ఇంట్లోకి వస్తే మిగతా సామానుకీ ముప్పే. ఇంకో జాగ్రత్త. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల భాగాల్లో 90 భాగాలకు మించకూడదన్న నిబంధన 2017 నవంబరులోనే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగుని పొడిగా ఉప్పుకాగితంతో గీకితే ఆ దుమ్ము పిల్లలకు ప్రమాదం. పెచ్చులూడే రంగైతే ఆ చెక్క జోలికే వెళ్లకండి.

చేట, జల్లెడ లాంటివి సంతదాకా వెళ్లి వెతకక్కర్లేదు. ముందు మీ అటక ఎక్కి చూడండి. వెదురు చేటకి జాజు పూసి ముగ్గు వేస్తే గుమ్మం పక్కన నిండుగా ఉంటుంది.

మా గోడ మీద ఇప్పుడు మూడు పళ్లేలూ ఉన్నాయి. సంక్రాంతి పేరంటానికి పెద్దదాన్ని దించి పసుపు, కుంకుమ, పూలు పెడతాం. వచ్చినవాళ్లు ఆ పేరు చదివి "ఎవరు ఈమె, మీ బంధువా?" అని అడుగుతారు. "తెలీదు, కానీ మా ఇంట్లోనే ఉంటుంది" అంటాను. ఎప్పుడైనా ఎవరైనా "ఇది మా అమ్మదే" అంటే మాత్రం దించి చేతిలో పెట్టేస్తా.

ఇప్పటికీ వీలు దొరికిన గురువారాల్లో జుమేరాత్ బజార్‌కి వెళ్తూనే ఉన్నా. కొనడానికి కాదు. ఇత్తడి పళ్లెం కనిపిస్తే చాలు, అంచు తిప్పి చూస్తా. తెనాలిలో క్యారియర్‌కి మార్చిన పళ్లెం ఇక్కడిదాకా వస్తుందా అని మీరు నవ్వొచ్చు. అమ్మ కూడా నవ్వుతుంది. కానీ గురువారం రాత్రి తనే ఫోన్ చేస్తుంది. "ఏమే, ఇవాళ వెళ్లావా?"