చాలా రోజులైంది అనకండి

"చాలా రోజులైంది ఇటువైపు వచ్చి. ఏవో పనులు, ఒత్తిళ్లు. క్షమించాలి. ఇకనుంచి క్రమం తప్పకుండా రాస్తాను."

తెలుగులో సొంత బ్లాగు నడిపినవాళ్లలో ఈ నాలుగు వాక్యాలు ఒక్కసారైనా రాయనివాళ్లు తక్కువ. నేనైతే మూడుసార్లు రాశాను. 2011లో ఒకసారి, 2014లో ఒకసారి, 2019లో ఒకసారి. మూడోసారి రాసింది ఈమధ్య దాకా నా పేజీలో అన్నిటికంటే పైనే ఉండింది. దాని తర్వాత ఇంకేమీ లేదు కాబట్టి. మీకు తెలిసిన పాత బ్లాగులు ఓ పది తెరిచి చూడండి. చాలావాటిలో చివరి మాట ఇలాంటి వాగ్దానమే అయి ఉంటుంది.

ఇది మర్యాద కింద చెల్లిపోతోంది. నా దృష్టిలో ఇది మర్యాద కాదు, తప్పించుకోవడం. ఈ నాలుగు వాక్యాల్లో మూడు పనులున్నాయి: ఒక క్షమాపణ, ఒక సాకు, ఒక హామీ. మూడింటితోనూ నాకు పేచీ ఉంది. నేనూ ఆ తాను ముక్కనే కాబట్టి పేచీ పెట్టుకునే హక్కు కూడా ఉందనుకుంటున్నాను.

ముందు క్షమాపణ సంగతి. ఎవరికి చెబుతున్నాం? పొద్దున్నే పాల ప్యాకెట్ రాలేదని గేటు దగ్గర ఎవరైనా నిలబడ్డారా? సొంత పేజీ అన్నది జీతం లేని, హాజరు పట్టీ లేని ఒకే ఒక్క చోటు. అక్కడ కూడా "సార్, మూడేళ్లు సెలవు పెట్టాను" అని చేతులు కట్టుకు నిలబడటం ఆఫీసు నేర్పిన అలవాటు. రోజూ ఏదో ఒకటి పెట్టకపోతే మరిచిపోతారన్న భయం ఫోన్ నేర్పింది. రాయడానికి ఈ రెంటితో సంబంధం లేదు.

నేను బోధన్‌వాడిని. పనికి రుతువులుంటాయని మా ఊళ్లో పిల్లలకు కూడా తెలిసేది. నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో పుట్టింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవాళ్లు. దాని చుట్టూ పెరిగిన వాడకు శక్కర్‌నగర్ అని పేరు. నిజాంసాగర్ నీళ్లు, నల్లరేగడి, చెరుకు, ఫ్యాక్టరీ. ఊరి క్యాలెండర్ అంతా ఇదే. చలికాలం మొదలయ్యేసరికి క్రషింగ్ సీజన్. రోడ్డు పొడుగునా చెరుకు బండ్లు, ట్రాక్టర్లు, వెనకనుంచి గడలు లాక్కునే పిల్లలు, రాత్రిళ్లు ఊరంతా కమ్ముకునే మడ్డి వాసన. ఎండలు ముదిరేసరికి చిమ్నీలో పొగ ఆగిపోయేది. అది ఆఫ్ సీజన్. పొగ ఆగిందని ఫ్యాక్టరీ ఎవరికీ సారీ చెప్పలేదు. లోపల రోలర్లు విప్పేవాళ్లు, బాయిలర్ గొట్టాలు శుభ్రం చేసేవాళ్లు, అరిగిన పళ్ల చక్రాలు మార్చేవాళ్లు. వచ్చే సీజన్ నడవాలంటే ఈ సీజన్ ఆగాల్సిందే.

ఇక్కడే ఆపేస్తే ఈ వ్యాసం చాలా హాయిగా ఉండేది. "విరామం కూడా రాతలో భాగమే, మిమ్మల్ని మీరు క్షమించుకోండి" అని ముగించి ఉండేవాణ్ని. ఈ తరహా ఓదార్పు ఇప్పుడు బోలెడు దొరుకుతోంది. నిశ్శబ్దం కూడా సృజనే అంటారు, బీడు పడితేనే భూమికి బలం అంటారు. నాకు క్షమాపణ కంటే ఈ ఓదార్పు మీదే ఎక్కువ కోపం. ఎందుకంటే మా ఊళ్లో పొగ ఆగడం ఇంకో రకంగా కూడా జరిగింది.

2002లో ఫ్యాక్టరీలో మెజారిటీ వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబర్ 23న లేఆఫ్ ప్రకటించారు. బోధన్‌తో పాటు ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లకు కూడా. డిసెంబర్ అంటే ఏమిటి? గడ కోతకొచ్చి, క్రషింగ్ ఊపుమీద ఉండాల్సిన నెల. లేఆఫ్ అన్న మాటలో మళ్లీ పిలుస్తారన్న ఆశ ఉంటుంది. అప్పట్లో తాత్కాలికం అనే అనుకున్నారు చాలామంది. ఆ తాత్కాలికానికి పదేళ్లు. కమిటీలు వచ్చాయి, ఎన్నికల హామీలు వచ్చాయి, పొగ రాలేదు.

రోడ్డు మీద నిలబడి చూస్తే ఆఫ్ సీజన్‌కీ లేఆఫ్‌కీ తేడా కనిపించదు. రెండింట్లోనూ చిమ్నీ చల్లగానే ఉంటుంది. లోపలికి వెళ్తేనే తెలుస్తుంది, ఎవరైనా చేతిలో నూనె డబ్బా పట్టుకుని తిరుగుతున్నారా, లేక తుప్పు పడుతోందా అన్నది. అందుకే చాలాకాలం తర్వాత తిరిగొచ్చిన రచయితను అడగాల్సిన ప్రశ్న "ఇన్నాళ్లు ఎందుకు రాలేదు" అని కాదు. "నీది ఆఫ్ సీజనా, లేఆఫా?" అని.

నా జవాబు చెబుతాను. నాది లేఆఫ్. నేను రిపేరు చేసుకున్నదేమీ లేదు. ఆ ఏళ్లలో ఒక నోట్‌బుక్ నింపలేదు, ఒక పెద్ద పుస్తకం చివరిదాకా చదవలేదు, చెరుకు పోయి వరి వచ్చిన పొలాల్లో ఒక పూట తిరగలేదు.

ఇక సాకు. "టైం లేదు." ఇది పచ్చి అబద్ధం. ఆ పదేళ్లలో నేను రాసినంత అంతకుముందు ఎప్పుడూ రాయలేదు. రోజూ రాశాను. బస్సులో, లిఫ్టులో, మీటింగ్‌లో బల్ల కింద. మూడు లైన్లు, ఆరు లైన్లు, ఎవరి గోడ మీదో జవాబు, ఆ జవాబుకు జవాబు. టైం ఉంది, మాటలూ ఉన్నాయి. అవన్నీ ఎక్కడ ఒలకబోశాం అన్నదే అసలు ప్రశ్న.

కొంచెం వెనక్కి వెళ్తాను. 2006 ప్రాంతంలో వీవెన్ చేసిన లేఖిని వచ్చాక తెలుగు టైప్ చేయడం మామూలు మనుషుల పనైంది. కూడలి వచ్చింది, ఎవరెవరు ఏం రాశారో ఒకేచోట కనబడేది. జల్లెడ, హారం, మాలిక ఆ తర్వాత వచ్చాయి. ఎక్కడో కాలిఫోర్నియాలో ఉన్నవాడు తన ఊరి చెరువు గురించి పది పేరాలు రాస్తే, అమీర్‌పేట హాస్టల్లో కూర్చుని నేను చదివేవాణ్ని. తర్వాత జనం గోడల మీదికి తరలిపోయారు. 2013లో గూగుల్ రీడర్ మూతపడింది. 2014లో ఆర్కుట్, 2019లో గూగుల్ ప్లస్. ఎవరి ఇంట్లోనో అద్దెకుండి, ఇల్లు కూల్చినప్పుడల్లా మూట సర్దుకోవడం మనకు అలవాటైపోయింది. మూటలో పాత రాతలు మాత్రం ఉండవు.

గోడ అంటే గుర్తొచ్చింది. మా జిల్లాలో ఒక గోడ ఉంది. 1940ల చివర్లో నిజాం ప్రభుత్వం దాశరథిని నిజామాబాద్ ఖిల్లాలో ఖైదు చేసింది. వట్టికోట ఆళ్వారుస్వామి కూడా అక్కడే ఖైదీ. దాశరథి బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశాడు. కాగితం లేక గోడ. సున్నం కొడితే పోయే రాత అని అతనికీ తెలుసు. అందుకే గోడను నమ్ముకోలేదు. బయటికొచ్చాక 1949లో 'అగ్నిధార' అచ్చయింది. మనకు కాగితం ఉండి, సొంత ఇల్లు ఉండి, గోడనే నమ్ముకున్నాం.

దీనివల్ల ఏం పోయిందో నాకు ఈమధ్య తెలిసింది. మా ఊరమ్మాయి ఒకామె, యూనివర్సిటీలో చదువుతోంది, ఫోన్ చేసింది. ఫ్యాక్టరీ మూతపడిన రోజుల మీద ఏదో రాస్తోందట. "అన్నా, మీరు అప్పట్ల బ్లాగు రాసెటోళ్లు గదా. ఆ డిసెంబర్ల ఏమన్న రాసిన్రా?" అనడిగింది.

రాశాను. నాకు బాగా గుర్తుంది, గోడ మీద రెండు మూడు పేరాలు రాశాను. చాలామంది మెచ్చుకున్నారు, కొందరు తిట్టారు. కానీ ఆ ఖాతాను ఓ ఎన్నికల సీజన్‌లో ఎవరితోనో గొడవపడి, చిరాకేసి, రాత్రికి రాత్రి నేనే తీసేశాను. దాచుకోవాలన్న ఆలోచనే రాలేదు. తప్పు ఎవరిదీ కాదు, నాదే. అయితే అదే రాత్రి నా బ్లాగును తీసేయగలిగేవాణ్నా? చచ్చినా తీసేవాణ్ని కాదు. గోడ మీద రాసింది నాది అని నేనే అనుకోలేదన్నమాట. పుణ్యానికి రాసి పుణ్యానికి పారేశాను.

బ్లాగు మాత్రం పదిలంగా ఉంది. అందులో 2009 నాటి హైదరాబాద్ వాన ఉంది, రెండు సినిమాల మీద కోపం ఉంది, ఇరానీ చాయ్ మీద అందరూ రాసిందే నేనూ రాసింది ఉంది. 2014 నుంచి 2019 దాకా ఒక్క అక్షరం లేదు. తెలంగాణ వచ్చిన తొలి ఏళ్లు, మా ఊరి పొగ ఆగిన ఏడు నా ఇంట్లో లేవు. ఆ అమ్మాయికి ఇవ్వడానికి నా దగ్గర ఒక క్షమాపణ తప్ప ఏమీ లేకపోయింది.

ఇక్కడ రెండు అభ్యంతరాలు వస్తాయి. రెండూ సరైనవే. ఒకటి, బ్లాగు మాత్రం నీ సొంతమా? బ్లాగ్‌స్పాట్ నేల గూగుల్‌ది కాదా? నిజమే. పట్టా నా పేరు మీద లేదు. కానీ అక్కడ రాసినదానికి తేదీ ఉంటుంది, చిరునామా ఉంటుంది, మొత్తం ఒక ఫైలుగా దింపుకుని దాచుకునే వీలుంటుంది. కొత్తది వచ్చి పాతదాన్ని పాతాళానికి తోసేయదు. రెండోది ఇంకా బలమైన అభ్యంతరం. బ్లాగుల కాలంలో రాసింది ఎక్కువగా కంప్యూటర్ ఉద్యోగాలవాళ్లం. ఫోన్‌లో తెలుగు వచ్చాకే, గోడలు వచ్చాకే ఎందరో ఆడవాళ్లు, దళిత యువకులు, ఊళ్లలో ఉన్నవాళ్లు తమ భాషలో, తమ యాసలో రాశారు. ఆ స్వర్ణయుగం ఎవరిది అని వాళ్లడిగితే నా దగ్గర జవాబు లేదు. ఒప్పుకుంటాను. కానీ దాన్నుంచి తేలేది గోడలు గొప్పవని కాదు. మొదటిసారి రాసినవాళ్ల రాతలు కూడా ఆ గోడల్లోనే కూరుకుపోతున్నాయి. నా ఇరానీ చాయ్ పోతే లోకానికి నష్టమేమీ లేదు. వాళ్లది పోతే ఉంది.

చివరగా హామీ. "ఇకనుంచి వారానికొకటి." అబద్ధమని రాసేటప్పుడే తెలుసు. దీనికి మందు చెరుకు రైతును అడగాలి. మొదటిసారి నాటింది మొక్క తోట. నరికాక ఆ మోళ్ల నుంచే మళ్లీ మొలిచేది కార్శి తోట. కొత్తగా విత్తనం పెట్టాల్సిన పనిలేదు, వేర్లు కింద ఉన్నాయి. అలాగని వదిలేస్తే రాదు. మోళ్లను నేలమట్టానికి చెక్కాలి, లేకపోతే పైపై కన్నులు మొలిచి వేరు పట్టక పడిపోతాయి. ఎక్కడెక్కడ మొక్క చచ్చిందో చూసి ఆ ఖాళీలు పూడ్చాలి. ఎరువు మొక్క తోట కంటే ఎక్కువే వేయాలి. రైతు ఈ పనులు చేస్తాడు. చేనుకు హామీలివ్వడు.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. చాలాకాలం తర్వాత తిరిగొస్తే మొదటి రాతలో "చాలా రోజులైంది" అనకండి. ఆ చాలా రోజుల్లోంచి ఒక్క రోజు తీసి, దాని తేదీ పైన పెట్టి, ఆ రోజు ఏం జరిగిందో రాయండి. మీ ఊళ్లో, మీ ఇంట్లో, మీ ఆఫీసులో. గుర్తులేని చోట గుర్తులేదని రాయండి. క్షమాపణ వద్దు, ఒక ఖాళీ పూడ్చండి. రెండో ఖాళీ పూడ్చడానికి మళ్లీ ఆర్నెల్లకు వస్తారా, రండి. ఎవరూ గేటు దగ్గర కాచుకుని లేరు.

నేను మొన్న అదే చేశాను. పైనున్న ఆ నాలుగు వాక్యాలు చెరిపేయలేదు, వాటి మీద "23 డిసెంబర్ 2015" అని పెట్టి ఒక పేజీన్నర రాశాను. ఎవరి నోట ముందు విన్నానో, ఆ సాయంత్రం మా వీధిలో ఎవరేమన్నారో, బాపు అన్నం ముందు కూర్చుని ఏమీ మాట్లాడకుండా ఎంతసేపు ఉన్నాడో. సగానికి సగం అనుమానమే. ఫోన్‌లో బాపుకు చదివి వినిపించాను. అంతా విన్నాడు. బాగుందనలేదు, బాగలేదనలేదు.

"గురువారం అని రాసినవ్ ఏందిరా? అది బుధవారం. తెల్లారి మిలాద్ సెలవుండె. సెలవు ముంగటనే చెప్పిన్రని అందరు అనుకున్నరు గదా."

క్యాలెండర్ తీసి చూశాను. బుధవారమే. దిద్దాను.