చెంబు పట్టుకుని పడవ ప్రయాణం

పిల్లలూ! పోయిన నెల మా మనుమణ్ణి భవానీ ద్వీపం చూపించడానికి తీసుకు వెళ్ళాను. విజయవాడలో ప్రకాశం బారేజికి ఎగువన, కృష్ణ మధ్యలో ఉన్నదే ఆ ద్వీపం. మోటారు పడవ ఇలా కదిలిందో లేదో, వాడు నా చెవిలో, "తాతయ్యా, ఇందులో రెంటికి వస్తే ఎక్కడికి వెళ్ళాలి?" అన్నాడు. రహస్యంగానే అడిగాననుకున్నాడు, పాపం! పడవంతా గొల్లుమన్నది. నేను మాత్రం నవ్వలేదు. బడిలో ఎన్నో ఏళ్ళు చిటికెనవేళ్ళు చూసినవాణ్ణి గదా! వాడికి చెప్పినదే మీకూ చెబుతాను.

కృష్ణకు బెజవాడ దగ్గర 1855 నాటికి ఆనకట్ట కట్టి, కాలవలు తవ్వారు. ఆ కాలవలు పొలాలకు నీళ్ళివ్వడమే కాదు, పడవలకు దారులు కూడా. ఏలూరు కాలవలో బెజవాడ నుంచి ఏలూరుకు సుమారు 60 కిలోమీటర్లు. రైలు ఉన్నా, సామాను ఎక్కువైతే పడవే చవక. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు. లేకపోతే మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారు. అంటే పడవ వేగం మనిషి నడక వేగమే. గంటకు 3 కిలోమీటర్లనుకోండి. ఎన్ని గంటలు పడుతుంది? 20 గంటలు! అంతసేపు ఆపుకోగల మొనగాడెవరు? పడవలో మరుగుదొడ్డి ఉండేది కాదు మరి.

మగవాళ్ళు ఒక ఉపాయం కనిపెట్టారు. పడవ గట్టు పక్కకు రాగానే చెంబుతో సహా గట్టు మీదికి దూకి, తుమ్మచెట్ల చాటుకు పోయేవారు. మా తాతగారు ఇందులో ఆరితేరినవారు. ఆయనకు 10 నిమిషాలు పట్టిందనుకోండి. ఈలోగా పడవ అర కిలోమీటరు పోతుంది. ఆయన గంటకు 6 కిలోమీటర్ల చొప్పున నడిస్తే, మరో 10 నిమిషాల్లో పడవను అందుకుంటారు. లెక్క సరిగ్గానే ఉన్నది గదా?

ఒకసారి ఆయన చెట్ల చాటున ఉండగా గాలి లేచింది! సరంగు తెరచాప ఎత్తాడు. తాతగారు వచ్చి చూస్తే పడవ చేతిరుమాలంత కనిపిస్తున్నది. పంచె ఎగగట్టి, చెంబు చేతబట్టి, గట్టు వెంట ఒకటే పరుగు. లాకులే లేకపోతే ఏలూరు దాకా పరుగెత్తేవారే! లాకుల్లో పడవను ఆపి, తలుపులు మూసి, నీటిమట్టం దించి గాని వదలరు. ఆయన రొప్పుతూ అక్కడికి చేరేసరికి లస్కరు, "బాబుగారూ, కాలవ పక్కనుండగా చెంబుతో నీళ్ళెక్కడికి మోసుకెళుతున్నారు?" అన్నాడట.

"కాలవలోనే కానిచ్చేయకూడదా?" అని మా వాడు అడిగాడు. చీకట్లో చుక్కాని పక్కన అలా కానిచ్చినవాళ్ళూ లేకపోలేదు. కాని ఊళ్ళవాళ్ళు తాగేది ఆ నీళ్ళే. పడవలో వంట కూడా ఆ నీళ్ళతోనే! ఇక్కడ ఆనకట్ట కడుతున్న రోజుల్లోనే, 1854లో, లండనులో జాన్ స్నో అనే వైద్యుడు కలరా చెడ్డనీళ్ళ ద్వారా వస్తుందని ఒక వీధి పంపును చూపి చెప్పాడు. చాలామంది వెంటనే నమ్మలేదు.

సముద్రంలో గట్టెక్కడిది? అందుకని పాత తెరచాప ఓడల్లో నావికులు ముందుకొసన, కింద అలలు కొట్టుకునే చోట కూర్చునేవారు. గాలి సాధారణంగా వెనక నుంచి వీచేది గనుక, వాసన ముందుకే పోయేది. ఓడ ముందుభాగం దాని తల. అందుకే ఇంగ్లీషు నావికులు ఈనాటికీ మరుగుదొడ్డిని 'హెడ్' అంటారు!

ఇప్పటి చిన్న ఓడల్లో చేతిపంపు ఉన్న దొడ్లుంటాయి. పళ్ళెం బయటి నీటిమట్టం కన్నా కిందుంటే, మర తిప్పి గొట్టం మూయడం మరవకూడదు. నీరు పల్లమెరుగు. లోపలికి వస్తుంది, ఓడ దిగుతుంది, దిగినకొద్దీ ఇంకా వస్తుంది! 1945 ఏప్రిల్‌లో జర్మనీ జలాంతర్గామి యు-1206లో దొడ్డి గొట్టం గుండా సముద్రపునీరు లోపలికి వచ్చి, బాటరీలకు తగిలి విషవాయువు పుట్టింది. అది పైకి తేలక తప్పలేదు. తేలగానే శత్రువిమానాలు చూశాయి. ఆ ఓడ మరి ఇల్లు చేరలేదు.

తాతగారి పరుగు కథ విన్నప్పుడల్లా మేము పొట్ట చెక్కలయ్యేట్టు నవ్వేవాళ్ళం. మామ్మ నవ్వేది కాదు. ఎందుకని ఒకనాడు అడిగాను.

"ఆయన దూకారు, పరుగెత్తారు. ఆడవాళ్ళం మేమెలా దూకుతామురా? పడవ ఎక్కింది మొదలు మంచినీళ్ళు ముట్టేదాన్ని కాదు. పొద్దుగూకాక లాకుల దగ్గర ఆపితే నలుగురం కలిసి దిగి, ఒకరికొకరం కాపలా కాసేవాళ్ళం. ఒళ్ళో చంటిపిల్ల పాలకు ఏడ్చేది. నా నోరు పిడచకట్టుకుపోయేది. చుట్టూ చూస్తే కృష్ణమ్మ నీళ్ళే!" అన్నది.

ఇది విని మా వాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, "20 గంటలూనా, తాతయ్యా?" అన్నాడు.

అంతలో ద్వీపం వచ్చింది. అందరికన్నా ముందు దిగి, వెనక్కు చూడకుండా పరుగెత్తాడు.