సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాటూ, మా అప్పా

పోయిన వారం ఉసిరికాయ పచ్చడి చెప్పాను కదా, ఈ వారం వంటింట్లోంచి కాస్త బయటికి వద్దాం. ఇల్లు కొనే సంగతి చెబుతాను. పెద్ద ఇల్లేం కాదు లెండి, ఒక్క పడకగది ఫ్లాటు. కొన్నది నేనూ కాదు, మా అప్ప. మా ఉత్తరాంధ్రలో అక్కని అప్ప అంటాం.

మా బావగారు పోయి రెండేళ్ళయింది. గాజువాకలో అద్దెిల్లు. కొడుకు హైదరాబాదులో ఉద్యోగం. "అమ్మా, నా దగ్గరికి వచ్చెయ్" అని తీసుకెళ్ళాడు. మంచివాడే, కోడలూ మంచిదే. అయినా అప్ప ఆర్నెల్లు ఉండి తిరిగొచ్చేసింది. "ఏమైందప్పా, ఎవరైనా ఏమైనా అన్నారా?" అని అడిగాను. "ఎవరూ ఏమీ అనలేదే. పాలు కాచాలన్నా ఒకరిని అడిగి కాచడం నాకు చేతకావట్లేదు" అంది.

బావగారి పీఎఫ్ డబ్బు బ్యాంకులో ఉంది. దాంతో చిన్నదైనా సొంతిల్లు కావాలంది. చుట్టాలంతా ఒకటే మాట: "ఒంటరి మనిషికి ఇల్లెందుకు? ఆ డబ్బు కొడుక్కిస్తే వాడే చూసుకుంటాడు కదా!" నేను మాత్రం అప్ప వైపే నిలబడ్డాను.

ఇంతలో ఎవరో చెప్పారు, గోపాలపట్నం పక్కన వెంకటాపురంలో సింగిల్ బెడ్‌రూమ్ అమ్మకానికి ఉందని. మూడో అంతస్తు, 500 చదరపు అడుగులు, ధర మిగతాచోట్ల కంటే బాగా తక్కువ. తక్కువంటే మనకి ఆశ పుడుతుంది కదా. ఇద్దరం వెళ్ళాం.

ఆ పేట సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 1961లో అక్కడ హిందుస్థాన్ పాలిమర్స్ అని ప్లాస్టిక్ ముడిసరుకు ఫ్యాక్టరీ పెట్టారు. 1997లో అది కొరియా కంపెనీ చేతికి వెళ్ళి ఎల్‌జీ పాలిమర్స్ అయింది. ఊరికి దూరంగా ఉన్న ఫ్యాక్టరీ చుట్టూ మెల్లమెల్లగా ఊరు పెరిగిపోయింది. 2020 మే 7న తెల్లవారుజామున అక్కడి ట్యాంకులోంచి స్టైరీన్ ఆవిరి బయటికొచ్చి 12 మంది చనిపోయారు. ఆ తరువాత ఫ్యాక్టరీ మూతపడింది.

ఫ్లాటు అమ్మే ఆవిడ మాకు మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టింది. "ఆ రాత్రి పిల్లల్ని చంకనేసుకుని పరుగెత్తామండీ. ఫ్యాక్టరీ మూసేశారు, ఇప్పుడే భయమూ లేదు. అయినా నాకు తెల్లవారుజామున మెలకువ వచ్చేస్తుంది" అంది. దాపరికం లేని మనిషి. అప్ప మనసు అక్కడే కరిగింది. "పాపం, తీసేసుకుందామే" అని నా చెవిలో అంది. "ఉండప్పా, ముందు కొలుద్దాం" అన్నాను.

నా సంచిలో బ్లౌజులు కుట్టే టేపు ఎప్పుడూ ఉంటుంది. దాని పొడవు 60 అంగుళాలు, అంటే 5 అడుగులు. హాలు 12 × 10, పడకగది 11 × 10, వంటిల్లు 8 × 6, స్నానాలగది 7 × 4. అన్నీ కలిపితే 306 చదరపు అడుగులు. బాల్కనీ 30 కలిపినా 336. మరి 500 ఎక్కడుందీ అంటే, గోడలూ, మెట్లూ, వరండాలో మన వాటా అన్నీ కలిపి చెప్పే లెక్కట. అది మోసమని కాదు, పాతవాళ్ళ లెక్క అంతే. 2016లో వచ్చిన రెరా చట్టంలో కార్పెట్ ఏరియా అంటే ఏమిటో స్పష్టంగా రాశారు. బయటి గోడలూ, బాల్కనీ కాకుండా లోపల మనం వాడుకునే చోటూ, లోపలి అడ్డుగోడలూ. పాత ఫ్లాటైనా సరే ఆ లెక్కే అడగండి. దాంతోపాటు నేలలో మన వాటా ఎన్ని గజాలో కూడా అడగండి. ఎప్పటికైనా బిల్డింగు పాతబడి కూలగొడితే మనకి మిగిలేది ఆ గజాలే.

తరువాత తెల్ల గుడ్డ తడిపి కిటికీ అంచు తుడిచాను. మామూలు దుమ్మే వచ్చింది. పోర్టు దగ్గర పేటల్లో అయితే నల్లగా వస్తుంది. ఫ్యాక్టరీ ఉన్నచోట గానీ, ఒకప్పుడు ఉండి మూసేసినచోట గానీ ఇల్లు చూస్తే పొద్దున్న ఒకసారి, రాత్రి ఒకసారి వెళ్ళి వాసన చూడండి. బోరు నీళ్ళు సీసాలో పట్టి ల్యాబులో పరీక్ష చేయించండి. ఫ్యాక్టరీ మూతపడినంత మాత్రాన నేలలో ఇంకినవి వెంటనే పోవు. తాగడానికి కుళాయి నీళ్ళు వస్తున్నాయో లేదో పక్కింటావిడని అడగండి, బ్రోకర్ని కాదు.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా కాగితాల దగ్గర వచ్చింది. మావారు సర్వే నంబరు తీసుకుని సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళొచ్చి "ఇది పంచగ్రామాల భూమి. నిషేధ జాబితాలో ఉంది" అన్నారు. విశాఖవాళ్ళకి ఈ మాట కొత్తకాదు. అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం - ఈ ఐదూళ్ళ భూముల మీద సింహాచలం దేవస్థానానికీ, అక్కడ ఇళ్ళు కట్టుకున్నవాళ్ళకీ మధ్య ఏళ్ళ తరబడి తగవు నలుగుతూ వచ్చింది. అలాంటి సర్వే నంబర్లు 22-ఎ అనే నిషేధ జాబితాలో ఉంటే రిజిస్ట్రేషన్ చేయరు.

బ్రోకరు మాత్రం తడుముకోలేదు. "స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాసుకుందాం అమ్మగారూ, ఇక్కడ అందరూ అలాగే కొన్నారు. ఎవరినైనా ఖాళీ చేయించారా?" అన్నాడు. అప్ప నా మొహం చూసింది. చేతిలో డబ్బు ఉంది, ఎదురుగా ఇల్లుంది, గాజువాకలో అద్దె పెరుగుతోంది. నాకూ ఒక్క క్షణం ఏమీ పాలుపోలేదు.

అగ్రిమెంటూ, పవర్ ఆఫ్ అటార్నీ ఉన్నంత మాత్రాన ఇల్లు మన సొంతం కాదని 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కొడుకూ, కోడలూ సంపాదనలో ఉన్నవాళ్ళు ఒకసారి దెబ్బతిన్నా తేరుకుంటారు. అప్పకి ఆ డబ్బు తప్ప ఇంకోటి లేదు. వద్దన్నాను. ఆవిడ రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఈసీ తీస్తే అన్నీ తెలిసిపోతాయని కూడా అనుకోకండి. ఆ ఇంటి మీద రిజిస్టరైన అమ్మకాలూ, తనఖాలూ లాంటివి మాత్రమే అందులో కనపడతాయి. కోర్టు తగవులూ, నోటి మాటల ఒప్పందాలూ కనపడవు. అందుకే లింకు డాక్యుమెంట్లు, మంజూరైన ప్లాను, నిషేధ జాబితా - మూడూ విడివిడిగా చూడాలి. ప్లానులో ఎన్ని అంతస్తులున్నాయో లెక్కపెట్టి, బయటికొచ్చి బిల్డింగు అంతస్తులు కూడా లెక్కపెట్టండి. వకీలుకి ఇచ్చే ఫీజు దగ్గర మాత్రం పొదుపు చేయకండి.

మరో నాలుగు నెలలు తిరిగాం. చివరికి కంచరపాలెం వైపు, పాత ఇండస్ట్రియల్ ఎస్టేటుకి దగ్గర్లో ఒకటి దొరికింది. లోపల 290 అడుగులే. ధర మూడు లక్షలు ఎక్కువ. కాగితాలు శుభ్రంగా ఉన్నాయి. అప్ప తన రెండు గాజులు అమ్మింది.

అప్పుడు మళ్ళీ చుట్టాలు బయల్దేరారు, కొడుకు పేరు మీద రాయించమని. అప్ప "నా పేరు మీదే" అంది. వాడు మొదట కాస్త చిన్నబుచ్చుకున్నాడు. వకీలుగారు వాడికి నెమ్మదిగా చెప్పారు. దానపత్రం రాసి రిజిస్టరు చేస్తే ఇల్లు అప్పుడే చేయి దాటిపోతుంది. విల్లు అయితే మనిషి ఉన్నన్నాళ్ళూ ఇల్లు ఆవిడదే, తదనంతరమే వాడిది. విల్లుకి ఇద్దరు సాక్షులు ఉంటే చాలు. రిజిస్టరు చేయడం తప్పనిసరి కాదు గానీ చేయిస్తే మంచిది. మనసు మారితే ఎప్పుడైనా మార్చి రాసుకోవచ్చు కూడా.

రిజిస్ట్రేషన్ రోజు వాడు సెలవు పెట్టుకుని వచ్చాడు. సాక్షి సంతకం వాడే పెట్టాడు. బయటికొచ్చాక "అమ్మా, నేనొస్తే ఎక్కడ పడుకోవాలి?" అని అడిగాడు. "హాల్లో పడుకో" అంది అప్ప.

మంచిరోజు చూసి పాలు పొంగించాం. వంటింట్లో ఇద్దరం నిలబడితే మూడో మనిషికి చోటు లేదు. అయినా అప్ప అందరినీ లోపలికి రమ్మంటూనే ఉంది.

మీ ఇంట్లో కూడా ఒంటరిగా మిగిలిన అప్పో, పిన్నో, అత్తయ్యో ఉంటే "నీకెందుకు ఇల్లు" అనకండి. టేపు పట్టుకుని ఆవిడ వెంట వెళ్ళండి. వచ్చే వారం చిన్న వంటింట్లో సామాన్లు ఎలా సర్దుకోవాలో చెబుతాను. ఉంటాను మరి.