కోరమాండల్ ఎక్కే ముందు రెండు రోజులు

వేసవి సెలవులు ఇచ్చిన మర్నాడే మా క్వార్టర్లలో సగం ఇళ్ళకు తాళాలు పడతాయి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు పోయేవాళ్ళం మేము. పాసు రాయించడం, బెర్తులు దొరికించుకోవడం, అమ్మమ్మకు రసగుల్లా డబ్బాలు కొనడం, అన్నీ పెద్దవాళ్ళు ముందే చూసుకుంటారు. సెలవులైపోగానే తిరిగి వచ్చి బడిలో పడతాం. మళ్ళీ సెలవులు, మళ్ళీ కోరమాండల్. మూడు నాలుగేళ్ళు ఇలా గడిచాక ఒకరోజు బదిలీ ఉత్తర్వు వస్తుంది. అప్పుడు తెలుస్తుంది, కలకత్తాలో మనం చూసింది హౌరా స్టేషనూ, పూజకు బట్టలు కొన్న రెండు వీధులూ అని.

మాతో చదివిన ఒక స్నేహితుడు పోయిన ఏడాది చక్రధర్‌పూర్ వెళ్ళిపోయాడు. అక్కడి కొత్త క్లాసులో అందరూ వాణ్ణి చుట్టుముట్టి కలకత్తా ఎలా ఉంటుందని అడిగారట. "నాకు చెప్పడానికేం లేదురా" అని ఫోన్లో నవ్వాడు కానీ, ఆ నవ్వు మాకు బాగా అనిపించలేదు. వాడు ఇక్కడ నాలుగేళ్ళు ఉన్నాడు.

ఎప్పుడు అడిగినా ఇంట్లో వచ్చే జవాబు ఒకటే: "ఇక్కడే ఉన్నాం కదమ్మా, ఎప్పుడైనా చూడొచ్చు." సొంత ఊళ్ళో స్థిరపడినవాళ్ళు ఆ మాట అంటే అర్థముంది. మనలాంటి ఇళ్ళలో దానికి అర్థం లేదు. చలికాలంలో సంత్రాగాఛి ఝీల్‌కు వచ్చే వలస పిట్టలకు ఇక్కడ ఎన్నాళ్ళుంటాయో తెలుసు. మనకు అదీ తెలియదు.

అందుకే ఈ ఏడాది మేము అడుగుతున్నది ఇది. ఊరికి బయలుదేరే ముందు రెండు రోజులు ఈ నగరానికివ్వండి. రాత్రికి ఇంటికే వచ్చి పడుకుంటాం కాబట్టి హోటలు ఖర్చు లేదు. ఆ రెండు రోజులు ఎక్కడికి వెళ్ళాలో, ఎప్పుడు ఆగాలో మమ్మల్ని నిర్ణయించనివ్వండి.

రెండో కోరికకే ఇంట్లో కనుబొమలు పైకి లేచాయి. పెద్దవాళ్ళు వేసే ప్రణాళిక ఎలా ఉంటుందో మాకు అనుభవమే. ఒకసారి నాన్నగారికి సెలవు దొరికిన రోజున కారు మాట్లాడుకుని విక్టోరియా మెమోరియల్, మ్యూజియం, కాళీఘాట్, సైన్స్ సిటీ, న్యూ మార్కెట్ ఒక్క రోజులో చుట్టేద్దామని బయలుదేరాం. అది సోమవారం. మ్యూజియం మూత. విక్టోరియాలో గ్యాలరీలు మూత. మిగతా రోజంతా ట్రాఫిక్‌లో కారులోనే గడిచింది. సాయంత్రానికి చెల్లి వాంతి చేసుకుంది, అన్నయ్య చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తియ్యలేదు, "ఈ పిల్లలకు దేనిమీదా ఆసక్తి లేదు" అని అమ్మ తేల్చేసింది. ఆసక్తి ఉంది. ఐదు చోట్ల పదేసి నిమిషాలు నిలబడి ఫొటోలు దిగడం మీదే లేదు.

మా ప్రణాళిక చాలా చిన్నది. శనివారం పొద్దున్నే లోకల్‌లో హౌరా వెళ్తాం. దాసనగర్, టికియాపారా దాటి అరగంటలోపు ప్రయాణమే. అక్కడి నుంచి మెట్రో. మన దేశంలో మొదటి మెట్రో 1984లో ఈ నగరంలోనే మొదలైంది. నది కింద నుంచి వెళ్ళే మొదటి మెట్రో కూడా 2024లో ఇక్కడే వచ్చింది. హుగ్లీ కింద సొరంగం దాదాపు 520 మీటర్లు, ముక్కాలు నిమిషంలో దాటేస్తుంది. ఎండ ముదిరేసరికి ఇండియన్ మ్యూజియంలో ఉంటాం. 1814లో పెట్టిన మ్యూజియం, దేశంలో అన్నిటికన్నా పాతది. అన్నీ చూడం. ఈజిప్టు మమ్మీని చూస్తాం, ఇంకో గది ఎవరికి నచ్చింది వాళ్ళు ఎంచుకుంటారు. తరవాత మహాత్మాగాంధీ రోడ్ స్టేషన్‌లో దిగి కాలేజీ స్ట్రీట్. ఆదివారం అక్కడ చాలా దుకాణాలు తెరవరు కాబట్టే శనివారం పెట్టాం. పాత పుస్తకాల ముందు ఎంతసేపు నిలబడ్డా "ఇక చాలు" అనకూడదని ముందే మాట తీసుకున్నాం. వచ్చేటప్పుడు ఫెయిర్లీ ఘాట్ నుంచి లాంచీ. పొద్దున కింద నుంచి దాటిన నదిని సాయంత్రం పైనుంచి దాటుతాం, ఎదురుగా 1943 నాటి హౌరా బ్రిడ్జి.

ఆదివారం ఎటూ దూరం పోం. శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్ మనకు పక్కనే. 1787లో మొదలైన తోట అది. అక్కడి మహావటవృక్షం మూడెకరాలకు పైనే పరుచుకుని ఉంది. తెగులు సోకడంతో దాని మొదలును 1925లో తీసేశారు. అయినా ఊడల మీదే నిలబడి ఇంకా పెరుగుతోంది.

ఆ తోట మాకు మరో కారణంగా కూడా నచ్చింది. 1793లో దానికి అధికారిగా వచ్చిన విలియం రాక్స్‌బర్గ్ అంతకుముందు మన సామర్లకోటలో పనిచేశాడు. అక్కడ మొక్కలు పెంచుతూ, వాటికి మనవాళ్ళు పిలిచే తెలుగు పేర్లు రాసుకున్నాడు, స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. అవే తరవాత కోరమాండల్ తీరపు మొక్కల మీద పెద్ద గ్రంథంగా వచ్చాయి. అంటే ఆయనదీ గోదావరి జిల్లా నుంచి హౌరాకు బదిలీయే! మనం శాలిమార్‌లో ఎక్కే రైలుకు ఆ తీరం పేరే పెట్టారని, అది సామర్లకోట మీదుగానే పోతుందని మాలో చాలామందికి ఈ మధ్యే తట్టింది. ఆ చెట్ల కింద నిలబడి మాట్లాడుకుంటే ఇవన్నీ గుర్తుంటాయి, కారు కిటికీలోంచి చూస్తే ఉండవు.

ఇంట్లోవాళ్ళ భయాలు మాకు తెలియనివి కావు. మే నెల ఉక్కపోత మామూలుది కాదు, సాయంత్రం కాల్‌బైశాఖి గాలివాన వస్తే లాంచీలు ఆగిపోవచ్చు, హౌరాలో జనం తోపులాట సరేసరి. అందుకే పొద్దున్నే బయలుదేరతామన్నాం. ఆకాశం నల్లబడితే లాంచీ మానేసి మెట్రోలోనే వెనక్కి వస్తాం. మీరు తోడు రావద్దని మేము అనడం లేదు. రండి, కానీ ఒక్క రోజుకు మీరు మా వెనక నడవండి. డబ్బు లెక్క పెట్టి మా చేతికివ్వండి. కాలేజీ స్ట్రీట్‌లో అంతా ఖర్చు చేసేస్తే ముంతలో చాయ్ లేకుండా ఇంటికొస్తాం, అది మా తప్పే అవుతుంది. ఫోన్ల సంగతి అన్నయ్యలే ఒప్పుకున్నారు. దారి చూసుకోవడానికి ఒక్క ఫోన్ చాలు, అది ఎవరి దగ్గర ఉండాలన్నదే ఇంకా తేలలేదు.

అమ్మమ్మలూ నాన్నమ్మలూ రెండు రోజులు ఎక్కువ ఎదురుచూడాలి. వాళ్ళకు మేమే ఫోన్ చేసి చెప్తాం. నాన్నగార్లు చెయ్యాల్సింది ఒక్కటే: టికెట్లు శుక్రవారానికి కాకుండా సోమవారానికి తీయడం. మా పక్క క్వార్టర్ అమ్మాయిని కూడా వెంట తీసుకెళ్తున్నాం. వాళ్ళకు ఆద్రా బదిలీ ఉత్తర్వు వచ్చేసింది.