రెండో బ్యాటరీ

మొన్న వేసవిలో మా అక్క కూతురి ఓణీల ఫంక్షన్. ఫొటోగ్రాఫర్‌ని మాట్లాడలేదు. "మన బాబు దగ్గర కెమెరా ఉందిగా" అన్నారు. పదకొండింటికల్లా ఒరిజినల్ బ్యాటరీ అయిపోయింది. ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చిందని కొన్న రెండోది వేశాను. స్క్రీన్ మీద ఫుల్ చూపించింది. నెలల తరబడి మంచం దిగని మా తాతమ్మని ఇద్దరు పట్టుకుని నడిపించుకొచ్చారు. ఆమె అక్షింతలు వేస్తుండగా కెమెరా ఆగిపోయింది. ఆ ఫొటో లేదు. ఎవరూ నన్ను ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ.

హాస్టల్‌కొచ్చి చెబితే రూమ్మేట్ తీర్పు ఇచ్చేశాడు: "అందుకేరా, ఒరిజినలే కొనాలి."

నేను ఒప్పుకోను. ఒరిజినల్ ఒక్కదాని డబ్బుతో నాకు బయటివి మూడు వచ్చేవి. ఆ తేడా నాలాంటోడికి చిన్నది కాదు. కానీ చవకలో ఏం తగ్గిందో తెలుసుకోకుండా కొనడం మాత్రం ఇంజనీరింగ్ చదివేవాడికి సిగ్గుచేటే.

కానన్ 1500డీలో వాడే ఎల్‌పీ-ఈ10నే చూడండి. 7.4 వోల్టులు, 860 ఎంఏహెచ్. లోపల రెండు లిథియం అయాన్ సెల్స్ సిరీస్‌లో ఉంటాయి. వాటితోపాటు ఒక చిన్న సర్క్యూట్ బోర్డు. ఓవర్‌ఛార్జ్ అయినా, మరీ డిశ్చార్జ్ అయినా, షార్ట్ అయినా కట్ చేసేది అదే. ఖర్చు తగ్గించాలనుకునేవాడి చెయ్యి ముందు పడేది సెల్ నాణ్యత మీద, ఆ బోర్డు మీద. రెండూ పైకి కనిపించవు.

కనిపించేది లేబుల్. అదే సైజు డబ్బాలో "1500 ఎంఏహెచ్" అని రాసుంటే అనుమానించాలి. వోల్టుల్ని ఆంపియర్-అవర్స్‌తో గుణిస్తే వాట్-అవర్స్ రావాలి. 7.4ని 0.86తో గుణిస్తే సుమారు 6.4. లేబుల్ మీద ఆ లెక్కే కుదరకపోతే లోపల ఇంకేం కుదురుతుంది?

ఇంకో తేడా కూడా గుర్తుంచుకోవాలి. కానన్ పేరు అచ్చేసి అమ్మే నకిలీ వేరు, సొంత పేరుతో అమ్మే వేరే కంపెనీ బ్యాటరీ వేరు. మొదటివాడు పేరు దగ్గరే అబద్ధమాడాడు, వాడితో బేరమే వద్దు. రెండోవాడిని పరీక్షించి చూడొచ్చు. మన దేశంలో ఈ రకం బ్యాటరీలకు ఐఎస్ 16046 కింద బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 'ఆర్'తో మొదలయ్యే ఆ నంబర్‌ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడటానికి నిమిషం పట్టదు.

కంపెనీలు చెప్పేది పూర్తిగా కొట్టిపారేయలేం. బయటి బ్యాటరీ వల్ల కెమెరా పాడైతే వారంటీ రాదంటారు, అది న్యాయమే. కానీ 2013లో నికాన్ డీ3200, డీ5200 లాంటి మోడళ్లకు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ వచ్చాక, అప్పటిదాకా పనిచేసిన బయటి బ్యాటరీల్ని కెమెరాలు తీసుకోలేదు. నిన్నటిదాకా బానే ఉన్నది రాత్రికి రాత్రి పనికిరాకుండా పోతే, కొన్నవాడికి అది భద్రత అనిపించదు, వ్యాపారం అనిపిస్తుంది.

అందుకే మన ఫొటోగ్రఫీ క్లబ్‌లో "బయటివి బ్యాన్" అని రూల్ పెడదామంటున్న సీనియర్లకి నా మనవి. అన్నా, బ్యాన్ వద్దు, పరీక్ష పెట్టండి. కొత్త బ్యాటరీ రాగానే ఫుల్ ఛార్జ్ చేసి, వీడియో ఆన్‌చేసి, ఆగేదాకా టైమ్ చూడాలి. ఒరిజినల్‌తో కూడా అంతే. రెండు టైమ్‌లూ స్టిక్కర్ మీద రాసి అంటించాలి. పడుకునే ముందు ఛార్జింగ్ పెట్టి వదిలేయకూడదు. కొంచెం ఉబ్బినా పక్కన పెట్టేయాలి. దాన్ని నొక్కొద్దు, పొడవొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు. ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకే ఇవ్వాలి.

ఫంక్షన్ అయ్యాక నా బ్యాటరీకి ఇదే పరీక్ష పెట్టాను. ఒరిజినల్ నడిచిన టైమ్‌లో సగం కూడా నడవలేదు. చివరిదాకా ఫుల్ చూపిస్తూనే ఆగిపోయింది. ఒక్క మధ్యాహ్నం ముందే చేసుంటే ఈ సంగతి నాకు తెలిసేది. నా తప్పు బయటి బ్యాటరీ కొనడం కాదు. పరీక్షించకుండా తాతమ్మ ముందు నిలబడటం.